ఎనిమిదో పేరు

ఆర్లిస్ కారు డిక్కీలో
ఎప్పుడూ నాలుగు రాకెట్లుంటాయి.
తనవి కావు.
ఎవరివో ఇంకా తెలియదు.

డులూత్‌లో ఏప్రిల్ చివరికి గానీ
మంచు కోర్టుల్ని వదలదు.
వదిలిన మర్నాడే ఆవిడ
కాలికి బలపం కట్టుకుంటుంది.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి,
దారిలో కనపడ్డవాళ్లని ఎక్కించుకోవడం అలవాటు.

లీగుకి ఎనిమిది మంది కావాలి.
మేం ఏడుగురం,
అందులో జెరిలిన్ మోకాలు తీసేస్తే ఆరున్నర.
శుక్రవారం సాయంత్రం ఐదు లోపల పేర్లివ్వాలి.

అడగడానికి ఆవిడకి సిగ్గు లేదు.
నోట్లో దూది కుక్కుకుని
పళ్ల డాక్టర్ని కళ్లతోనే అడిగిందట,
బుధవారాలు ఖాళీయేనా అని.
నన్ను పట్టింది లాండ్రీలో.
దుప్పటి రెండో కొస పట్టుకోమంది.
పట్టుకున్నాను.
మడతకో అడుగు చొప్పున దగ్గరికొచ్చి
"నీ భుజాలు బావున్నాయే" అంది.
నలభై ఏడేళ్లలో నా భుజాల గురించి
ఎవరూ ఏమీ అనలేదు.
మర్నాడు కోర్టులో ఉన్నాను,
తోటపని బూట్లతో.

ఈసారి హార్డ్‌వేర్ షాపులో
మేకుల డబ్బాల పైన కాగితం అంటించింది.
'పెద్దవాళ్లకి టెన్నిస్.
రాకపోయినా రండి.'
కింద పీలికలుగా కత్తిరించిన ఫోన్ నంబర్లు, పది.
సోమవారం పది.
మంగళవారం పది.
బుధవారం తనే ఒకటి చింపి జేబులో వేసుకుంది.
ఖాళీ హోటల్లో ఎవరు తింటారు,
ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి అంది.
గురువారం పొద్దున చూస్తే
ఎనిమిది.

ఆ రాత్రి ఫోను.
"నా పేరు డెనెల్ కొయివిస్టో,
చేపలు పొగబెట్టే చోట పని.
ఎప్పుడూ ఆడలేదు.
మీ కాగితం ముక్క ప్యాంటుతో పాటు ఉతుక్కుపోయింది,
చివరి అంకె ఊహించి చేస్తున్నాను.
మీరు మూడోవారు."

శుక్రవారం ఆరింటికి వచ్చింది.
ఆమె కన్నా ముందు పొగచేప వాసన వచ్చింది.
సరస్సు మీంచి గాలి, దవడలు కొట్టుకునే చలి.
మొదటి బంతి కంచె దాటింది.
రెండోది కంచె, కంచె వెనక రైలు పట్టాలు కూడా దాటింది.
జెరిలిన్ నా వైపు చూసింది.
నేను బూటు లేసు చూసుకున్నాను.
"ఒక్క నిమిషం" అని రాకెట్ బెంచీ మీద పెట్టి
డెనెల్ గేటు దాటి వెళ్లిపోయింది.

పావుగంట.
లోగడ ఒకాయన ఇలాగే బంతి తెస్తానని వెళ్లి
ఇల్లు చేరుకున్నాడు.
ఆ మాట ఎవరూ అనలేదు,
అందరికీ గుర్తొచ్చింది.

అప్పుడు కనపడింది,
స్వెట్టర్ ముందుభాగం ఒడిలా పట్టుకుని,
మోకాళ్ల దాకా బురదతో.
ఒళ్లో పదకొండు బంతులు.
మావి రెండే.
మిగతావి ఏ ఏడాదివో, నాచు పట్టి,
ఒకటి ఎలక కొరికి,
ఒకదాని మీద సగం చెరిగిన ఇంకుతో 'గ్లెండా'.

గ్లెండా మా పాత ఎనిమిది.
ఆవిడ కొడితే కంచెలు చాలేవి కావు.
పోయిన చలికాలం వెళ్లిపోయింది,
అరిజోనాకి కాదు.

ఆర్లిస్ ఆ బంతిని బొటనవేలితో తుడిచింది.
చింపుకున్న నంబరు ముక్క ఉన్న జేబులోనే వేసుకుంది.
భుజాల మాట ఎత్తలేదు.
కారు బానెట్ మీద ఫారం పరిచింది,
చలికి పెన్ను రాయకపోతే నోటితో ఊదింది.
"కొయివిస్టోకి స్పెల్లింగు చెప్పు."

మొదటి మ్యాచిలో డెనెల్, నేను జోడీ.
ఆరు సున్నా, ఆరు ఒకటి.
ఓడింది మేమే, వేరే చెప్పాలా.
ఆ ఒక్క గేమూ ఎలా వచ్చిందని
ఇంటికొచ్చే దారంతా ఆమె అడుగుతూనే ఉంది.
వాళ్లు రెండు బయటికి కొట్టారు,
ఒకటి నీ రాకెట్ అంచుకి తగిలి పడింది,
ఇంకోటి నాకూ తెలియదు అన్నాను.
"మళ్లీ చెప్పు" అంది,
సీటు బెల్టు వదులు చేసుకుని,
"ఆ అంచుకి తగిలింది, అది చెప్పు."